వేంగి కొండ నుంచి షార్ దాకా: తప్పు వాదనల సింహావలోకనం

శ్రీహరికోటలో పెద్ద ప్రయోగం ఉందంటే సూళ్లూరుపేటలో దానికి ముందే ఒక వార్త పుడుతుంది. ఇస్రో ఛైర్మన్ చెంగాళమ్మ గుడికి వచ్చి పూజ చేయించారని. 2023 జులై 13న ఎస్. సోమనాథ్ వచ్చారు. అదే రోజు శాస్త్రవేత్తల బృందం ఒకటి చంద్రయాన్-3 చిన్న నమూనా పట్టుకొని తిరుమల వెళ్లింది. మర్నాడు రాకెట్ చక్కగా ఎగిరింది. అప్పుడు ఊళ్లో రెండు మాటలు వినిపించాయి. ఏ ప్రయోగం తర్వాతైనా వినిపించేవే అవి. ‘అమ్మవారి దయవల్లే ఎగిరింది’ అనేది ఒకటి. ‘గుడికి పోయి దణ్ణాలు పెట్టేవాళ్లకు సైన్సేం తెలుసు?’ అనేది రెండోది. మొదటివాళ్లు రెండోవాళ్లను నాస్తికులంటారు, రెండోవాళ్లు మొదటివాళ్లను మూఢులంటారు. నిజానికి ఇద్దరి వాదనలోనూ లొసుగు ఉంది.

భక్తిని ఇక్కడ ఎవరూ తప్పుపట్టడం లేదు. నమస్కారం వాదన కాదు, దానికి రుజువు అక్కర్లేదు. కానీ ‘పూజ చేశారు, కాబట్టి ఎగిరింది’ అన్న క్షణాన అది వాదన అవుతుంది. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: పూజ జరిగీ ఎగరని రాకెట్ల సంగతేమిటి? ఆనవాయితీ సాగుతూ ఉండగానే 2021 ఆగస్టు 12న జీఎస్ఎల్‌వీ-ఎఫ్10, 2022 ఆగస్టు 7న ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం, 2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సి61 విఫలమయ్యాయి. రెండోవాళ్ల మాటకూ అదే గతి. గుడికి వెళ్లిన మనిషి వేసిన లెక్క తప్పా ఒప్పా అన్నది ఆ లెక్కలో చూడాలి, ఆయన నుదుటి బొట్టులో కాదు. పీఎస్ఎల్‌వీ-సి12 తర్వాత నేరుగా సి14 ఎగిరింది, మధ్యలో పదమూడు లేదు. రెండూ 2009లోనే, రెండూ విజయాలే. పదమూడును తప్పించినందుకే గెలిచారనేవాళ్లకు 2017 ఆగస్టు 31 నాటి సి39 గుర్తుండాలి. ఆ రోజు ఉష్ణకవచం విడిపోక ఉపగ్రహం దానిలోపలే చిక్కుకుపోయింది. ఆ రాకెట్ అంకె పదమూడు కాదు.

అలా జరగని చోట ఏమైంది, కారణం లేని చోట కూడా ఫలితం కనిపించిందా అని అడగడం పాశ్చాత్యుల నుంచి మనకు వచ్చిన అలవాటనుకుంటారు చాలామంది. కాదు. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చి వేంగి గురించి రాశాడు. ఆ నగరానికి నైరుతిలో కొద్ది దూరాన ఒంటరి కొండ ఒకటుందనీ, దిఙ్నాగుడు హేతువిద్య మీద గ్రంథం రాసింది అక్కడేననీ చెప్పాడు. దిఙ్నాగుడు ఐదు, ఆరు శతాబ్దాల మధ్యవాడు. టిబెట్ సంప్రదాయం ఆయన పుట్టుకను కంచి ప్రాంతానికి ముడిపెడుతుంది. కంచి మనకు దూరం కాదు, వేంగి మనదే. ఈ తీరానికి ఎగువన, దిగువన కూడా తర్కానికి ఇళ్లున్నాయన్నమాట.

ఆయన చెప్పినది మూడు షరతులు. ఒక హేతువు నిలవాలంటే అది మనం మాట్లాడుతున్న చోట నిజంగా ఉండాలి. అటువంటి ఇతర చోట్ల కనిపించాలి. సాధించదలచినది లేని చోట అది కూడా ఉండకూడదు. చివరిదాన్నే విపక్షంలో లేకపోవడం అన్నారు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉందన్నది పాత ఉదాహరణ. వంటింట్లో పొగ, నిప్పు రెండూ ఉంటాయి, అది సపక్షం. సరస్సులో నిప్పు ఉండదు, పొగా ఉండదు, అది విపక్షం. పులికాట్ ఒడ్డున బతికేవాళ్లకు ఈ ఉదాహరణ పుస్తకంలో వెతుక్కోనక్కర్లేదు. చలికాలం తెల్లవారుజామున సరస్సు మీద మంచు పొగలా లేస్తుంది. దాన్ని చూసి నిప్పు ఉందనేవాడు మొదటి షరతు దగ్గరే పడిపోతాడు. అతను చూసింది పొగే కాదు. ఈ పొరపాటునూ పాత బౌద్ధ తార్కికులు విడిగా గుర్తించి పేరు పెట్టారు.

మూడు షరతుల్లో మొదటి రెండూ మనకు తేలిగ్గా అబ్బుతాయి. మన మాటకు సరిపడే ఉదాహరణలు ఏరుకోవడంలో ఎవరికీ శిక్షణ అవసరం లేదు. మూడోదే కష్టం. మన మాటను పడగొట్టే చోటు ఎక్కడుందో మనమే వెళ్లి వెతకాలి. పదిహేను వందల ఏళ్లుగా ఈ నేల మీద సాగిన వాదనలను వెనక్కి తిరిగి చూస్తే నాకు కనిపించేది ఇదొక్కటే: మనుషులు పదే పదే కాలు జారింది ఈ మూడో మెట్టు మీదే.

సముద్రం ఉన్న ప్రతి చోటా ఈ మెట్టు గురించి ఎవరో ఒకరు ఆలోచించారు. రోమన్ రచయిత సిసిరో ఒక గ్రీకు కథ చెప్పాడు. దేవుళ్లను నమ్మని డయాగొరస్‌కు ఒకరు గుడిలో బొమ్మలు చూపించారట. తుపానులో మొక్కుకొని ప్రాణాలతో బయటపడ్డవాళ్లు పెట్టించిన బొమ్మలవి. ‘ఇంతమంది బతికారు, ఇంకా నమ్మవా?’ అంటే, ‘మరి మొక్కుకొని కూడా మునిగిపోయినవాళ్ల బొమ్మలెక్కడ?’ అన్నాడట ఆయన. 1620లో ఫ్రాన్సిస్ బేకన్ ఇదే కథను మళ్లీ ఎత్తుకొని, మనిషి బుద్ధికి తనకు అనుకూలమైనవే కనబడతాయని వాపోయాడు. అరిస్టాటిల్ తప్పు వాదనలను పదమూడు రకాలుగా విడగొట్టింది క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో. న్యాయసూత్రాలు వాదాన్ని మూడుగా చూశాయి: నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండం. ఈ చివరిది మన ఇళ్లలో ఇప్పటికీ రోజూ వినపడే మాటే. చదువుకోనివారు కూడా దాన్ని సరైన చోటే వాడతారు.

తెలుగునాట తర్కానికి పెద్ద పీట వేసినవాడు అన్నంభట్టు. పదిహేడో శతాబ్దపు ఆంధ్రుడు, కాశీ వెళ్లి స్థిరపడి తర్కసంగ్రహం రాశాడు. దేశమంతటా సంస్కృతం చదివే పిల్లలు నేటికీ తర్కంలో మొదట పట్టుకునే పుస్తకం అదే. ఎవరైనా గర్వంతో కాశీ బయల్దేరితే, కాశీకి వెళ్లినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరు అనేవారట పండితులు. ఆ చమత్కారంలోనే ఒక పాఠం ఉంది. అన్నంభట్టు కాశీ వెళ్లాడన్నది నిజం, కాశీ వెళ్లినవాడల్లా అన్నంభట్టు అన్నది అబద్ధం. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద ర్యాంకర్ల ఫొటోలు చూసి పిల్లవాణ్ణి చేర్చే తండ్రి పడేది సరిగ్గా ఈ గోతిలోనే. అదే సెంటర్లో చదివి ర్యాంకు రానివాళ్ల ఫొటోలు ఏ ఫ్లెక్సీ మీదా ఉండవు.

హేతువులా కనిపించి మోసగించే హేత్వాభాసాలు ఐదని అన్నంభట్టు లెక్క: సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. వీటిలో సవ్యభిచారాన్ని మొదట చెప్పడం నాకు సబబుగా తోస్తుంది. హేతువు తన హద్దు దాటి, సాధించదలచినది లేని చోటికీ పోవడమే ఆ దోషం. తెలుసుకోదగినది కాబట్టి ఈ కొండ మీద నిప్పు ఉంది అంటే, సరస్సు కూడా తెలుసుకోదగినదే కదా, అక్కడ నిప్పేదీ? నిత్యజీవితంలో మనం చేసే వాదనల్లో సగానికి పైగా ఈ ఒక్క ప్రశ్నతో కూలిపోతాయి.

తర్కం పండితుల గదిలోనే ఉండిపోలేదు. నెల్లూరిలో మనుమసిద్ధి కొలువులో ఉండి, పదమూడో శతాబ్దంలో తిక్కన తెలుగు చేసిన ఉద్యోగపర్వం చదవండి. అది యుద్ధానికి ముందు జరిగిన వాదనల పర్వం. ధృతరాష్ట్రుడి తరఫున సంజయుడు రాయబారం తెస్తాడు. రాజ్యం కోసం రక్తం పారించడం కంటే భిక్షమెత్తి బతకడం మేలని ధర్మరాజుకు శాంతి బోధిస్తాడు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ సెంటు భూమి ఇస్తామన్న మాట అందులో ఉండదు. ధర్మం అంత గొప్పదైతే అది దుర్యోధనుడికెందుకు వర్తించదు? ఎదుటివాడికి మాత్రమే నీతి చెప్పే ఈ వాదన ఊరి పంచాయతీలో, పొలం గట్టు తగాదాలో, వాటాల పంపకంలో ఇవాళ్టికీ బతికే ఉంది. ‘పెద్దవాడివి, నువ్వే సర్దుకుపో’ అంటూ ఎప్పుడూ ఒకరికే చెప్పడం దాని ఇంటి రూపం.

పందొమ్మిదో శతాబ్దానికి వస్తే తప్పు వాదన ప్రభుత్వ ఉత్తర్వు రూపం దాల్చింది. 1873-74లో బీహార్‌లో కరువు వస్తే అక్కడి వ్యవహారం చూసిన రిచర్డ్ టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించాడు. చావులు చాలా తక్కువ. దానికి మెప్పు రావలసింది పోయి ఖర్చు దుబారా అన్న నింద వచ్చింది. ఎవరూ పెద్దగా చావలేదంటే అంత కరువు లేనట్టే కదా అన్నది ఆ నిందలో దాగిన వాదన. బియ్యం తేకపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ ఊహించలేదు. మూడేళ్లు తిరక్కుండానే మద్రాసు రాజధానిని కరువు కమ్మింది, అందులో నెల్లూరు జిల్లా కూడా ఉంది. 1877లో అదే టెంపుల్ ఇక్కడికి వచ్చి కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. అంతతో మనిషి బతకలేడని మద్రాసు పారిశుద్ధ్య కమిషనర్ కార్నిష్ గట్టిగా పోరాడవలసి వచ్చింది. ఆ కరువులో లక్షల మంది పోయారు. ఒక వాదనలోని లొసుగు ఎంతమంది ప్రాణాలు తీయగలదో ఇంతకంటే ఏం చెప్పాలి?

ఈ లొసుగు తీరం మీద ఇంకా చావలేదు. తుపాను వస్తుందని కుప్పాలను ఖాళీ చేయిస్తారు, తుపాను దారి మళ్లుతుంది. ‘ఊరికే తిప్పలు పెట్టారు’ అంటారు జనం, మళ్లీసారి కదలనంటారు. 1977 నవంబర్ 19న దివిసీమ తుపాను సుమారు పదివేల మందిని మింగింది. 1990 మేలో అంతటి బలమైన తుపానే కోస్తాను తాకినప్పుడు పోయినవారు వెయ్యి లోపు. మధ్యలో ఉపగ్రహ హెచ్చరికలు వచ్చాయి, తరలింపు వచ్చింది. రానివ్వని చావులు లెక్కలోకి రావు, అందుకే వాటికి విలువ కట్టడం ఇంత కష్టం.

మళ్లీ పందొమ్మిదో శతాబ్దానికి వెళ్దాం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం వితంతు వివాహాల కోసం వాదించారు. 1881 డిసెంబర్ 11న తొలి పెళ్లి జరిపించారు. ఆయన శాస్త్రానికి శాస్త్రాన్నే ఎదురు పెట్టారు, ప్రత్యర్థులు చాలా చోట్ల వాదన మానేసి వెలి వేయడానికి దిగారు. దెబ్బ వాదన మీద తగలనప్పుడు మనిషి మీద వేయడం పాత పద్ధతి. 1892లో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో గురజాడ అప్పారావు ఈ కళకు గిరీశం రూపం ఇచ్చారు. పొగతాగడాన్ని సమర్థించుకోవడానికి సైతం పురాణ ప్రమాణం పట్టుకొచ్చే గిరీశాన్ని చూసి నవ్వుతాం. అదే పని సూటూబూటూ వేసుకొని టీవీలో చేస్తే నవ్వడం మర్చిపోతాం.

కానీ మన తీరంలో అన్నిటికంటే క్రూరమైన హేత్వాభాసం ఏదంటే, నేను నేరస్థ జాతుల చట్టం అంటాను. 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు రాజధానికి వచ్చింది. కొన్ని కులాలనూ తెగలనూ పుట్టుకతోనే దొంగలుగా ప్రకటించే చట్టం అది. నెల్లూరు ప్రాంతపు యానాదులు, ఎరుకలు ఎందరో దాని కిందికి వచ్చారు. కావలిలో నిర్బంధ సెటిల్‌మెంట్ వెలిసింది. కొందరు దొంగతనం చేశారు కాబట్టి తెగంతా దొంగలే అన్నది మొదటి తప్పు. అది అందరికీ కనిపించే తప్పు. దాని వెనక ఇంకొకటి ఉంది, అది మరీ ఘోరమైనది. చట్టం కింద పేరెక్కినవాడు చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదు. చుట్టాల పెళ్లికి పోయి హాజరు తప్పినా అది నేరమే, దానికి శిక్షే. అలా శిక్షలు పడ్డకొద్దీ, ‘చూడండి, వీళ్లకు ఎన్ని శిక్షలో, జాతి ఎలాంటిదో’ అనడానికి కొత్త రుజువు దొరుకుతుంది. తాను నిరూపించవలసినదాన్ని తానే పుట్టించుకునే వాదన ఇది. తిరుగుడు వాదనకు ఇంతకు మించిన ఉదాహరణ నాకు ఏ తర్కగ్రంథంలోనూ కనబడలేదు.

మూడో షరతు అడిగి ఉంటే ఇది నిమిషం నిలిచేది కాదు. ఈ జిల్లాలోనే యానాదులను పొలాలకూ తోటలకూ కాపలా పెట్టుకున్న రైతులు ఎంతోమంది. దొంగ జాతి అని రిజిస్టరు చెబుతుంది, రాత్రి పంటను అప్పగించి నిద్రపోయే రైతు అందుకు సరిగ్గా ఎదురు చెబుతాడు. చూసే ఓపిక అధికారులకు లేదు. నెల్లూరులో వెన్నెలకంటి రాఘవయ్య ఆ ఓపిక పట్టారు. యానాదుల కోసం సంఘం పెట్టి, వారి మధ్య తిరిగి, జీవితమంతా ఈ ముద్ర చెరపడానికి పోరాడారు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952 ఆగస్టు 31న చట్టం దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం మనుషుల నోళ్లలో మిగిలింది. ఊళ్లో సైకిల్ పోతే చూపు మొదట ఎటు తిరుగుతుందో ఇప్పటికీ గమనించవచ్చు.

శ్రీహరికోట ద్వీపం ఆ యానాదుల ఇల్లే. 1969లో రాకెట్ కేంద్రానికి ద్వీపాన్ని ఎంచుకున్నాక వారిలో చాలామంది కదలవలసి వచ్చింది. ‘దేశానికి రాకెట్లు కావాలా వద్దా?’ అని అడిగితే కావాలనే అంటాం. అయితే ఆ ప్రశ్న రెండే దారులున్నట్టు నటిస్తుంది. రాకెట్లు కావాలి, తరలినవారికి తగిన భూమీ బడీ బతుకుతెరువూ కావాలి అన్న మూడో దారి ఎప్పుడూ ఉంది. ప్రాజెక్టు ఏదైనా, ఓడరేవైనా సెజ్ అయినా, ఈ రెండు దారుల ప్రశ్న వేసినవారిని అక్కడే ఆపాలి.

దుబగుంట మహిళలు అలా ఆపారు. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆ ఊరి ఆడవాళ్లు 1992 నాటికి సారా మీద తిరగబడ్డారు. ఆదాయం పోతే ప్రభుత్వం ఎలా నడుస్తుందని అడిగారు పెద్దలు. ఖజానాకు వచ్చే డబ్బు ఒక పుస్తకంలో ఉంది, ఇళ్లలోంచి పోయే కూలి డబ్బు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ రెండో లెక్కను వీధిలోకి తెచ్చినవారు వాళ్లే. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది.

ఇక శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్ సంగతి. 1971 అక్టోబర్ 9న ఇక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. ఐదు నిమిషాల పైచిలుకు ఎగిరి బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు ఎవరిని నిందించినా చెల్లేది: ప్రాజెక్టుకు అధిపతి అబ్దుల్ కలాం ఉన్నారు, విదేశీ రాకెట్లతో పోల్చి ఎగతాళి చేసే పత్రికలున్నాయి. ఛైర్మన్ సతీశ్ ధవన్ విలేకరుల ముందు తానే కూర్చుని బాధ్యత తీసుకున్నారు. మరుసటి ఏడాది జులై 18న గెలిచినప్పుడు మాట్లాడమని కలాంను పంపారు. ఈ సంగతి కలాం స్వయంగా ఎన్నోసార్లు చెప్పారు. దీన్ని పెద్దరికానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. నేను ఇందులో తర్కం కూడా చూస్తాను. మనిషిని పక్కకు తప్పిస్తే తప్ప కారణం కంటికి కనపడదు. విశ్లేషణలో రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు దగ్గర ద్రవం కారిపోయిందని తేలింది. ‘ఎవరు చేశారు’ అని అడిగి ఉంటే ఒక పేరు దొరికేది, వాల్వు దొరికేది కాదు.

ఆ తర్వాత ఏఎస్ఎల్‌వీ 1987లో, 1988లో వరసగా పోయింది. 1993 సెప్టెంబర్ 20న పీఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం పోయింది, మరుసటి ఏడాది అక్టోబర్ 15న అదే రాకెట్ నెగ్గింది. 2010 డిసెంబర్ 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 ఎగిరిన నిమిషానికే అదుపు తప్పింది, నింగిలోనే పేల్చివేశారు. పైనున్న కంప్యూటర్ ఆదేశాలను కిందికి చేర్చే కనెక్టర్లు వేళకు ముందే ఊడిపోయాయని విచారణ కమిటీ తేల్చింది. ఇలాంటి కమిటీ ముందు ఉండేది ఒకే రకం పని: అనుమానించిన ప్రతి కారణాన్నీ పట్టుకొని, ఇదే నిజమైతే డేటాలో ఇంకేం కనపడాలి, కనపడిందా అని అడగడం. కనపడకపోతే ఆ కారణం ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయడం. 2025 జనవరి 29న శ్రీహరికోట వందో ప్రయోగం చేసింది. ఆ వందలో ఓడినవే నాకు ఎక్కువ విలువైనవిగా కనిపిస్తాయి. కారణాలను వెతికే పద్ధతి వాటి దగ్గరే గట్టిపడింది.

వైద్యంలో ఈ పద్ధతికి మన పొరుగునే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. క్షయ రోగికి శానటోరియం తప్పనిసరి అని, మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి లేకపోతే మందు పనిచేయదని దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలాంటి నమ్మకం మీదే పేరు తెచ్చుకుంది. మద్రాసులో 1956లో మొదలైన క్షయ పరిశోధన కేంద్రం ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. కొందరు రోగులను శానటోరియంలో, కొందరిని వాళ్ల పేద ఇళ్లలోనే ఉంచి ఒకే మందులిచ్చింది. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంతే బాగా నయమైంది. వారి తిండి, వసతి అధ్వాన్నంగా ఉన్నా సరే. ప్రపంచమంతా క్షయ చికిత్స ఇంటికి మారడానికి ఆ అధ్యయనమే దారి తీసింది.

దానికి అరవై ఏళ్ల తర్వాత, అదే తీరంలో కృష్ణపట్నం. 2021 మేలో నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే కొవిడ్ మందు కోసం వేల మంది బారులు తీరారు. ఆక్సిజన్ దొరకని రోజులవి, చావు ప్రతి వీధిలోకి వచ్చిన రోజులు. అక్కడికి వెళ్లినవారిని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు. ఉచితంగా మందు పంచిన ఆయన మనసునూ శంకించనక్కర్లేదు. వాదన మాటే చెబుతున్నాను. ‘తిన్నాడు, తగ్గింది’ అన్నారు. తినకుండా తగ్గినవారు? కొవిడ్ సోకినవారిలో అత్యధికులు ప్రత్యేకమైన మందేమీ లేకుండానే కోలుకున్నారు. తిని కూడా పోయినవారు? వారి ఇళ్లకు కెమెరాలు వెళ్లలేదు. ఆ పైన ఇంకో జారుడు: మందులో హానికరమైనదేమీ లేదని ఆయుర్వేద అధికారులు చెప్పగానే, మందు పనిచేస్తుందని తేలినట్టే జనం తీసుకున్నారు. మే 31న ప్రభుత్వం ఆయన ఇచ్చే కంటి చుక్కలను ఆపి, మిగతా మందు పంపిణీకి అనుమతించినప్పుడూ అదే అర్థం చేసుకున్నారు. హాని లేదనడం ఒక మాట, మేలు ఉందనడం వేరే మాట. మద్రాసు క్షయ కేంద్రం చేసినట్టు రెండు జట్లను పక్కపక్కన పెట్టి చూస్తేనే రెండో మాట చెప్పగలం.

ఫోన్లు వచ్చాక వేగం మారింది, లొసుగులు మారలేదు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ తిరిగిన వాట్సాప్ వీడియోలు నమ్మి తెలుగు రాష్ట్రాల్లో అమాయకులను చావగొట్టారు. ఎక్కడిదో వీడియో, ఎవరిదో ముఖం, తెలియని భాష మాట్లాడేవాడు దొరికితే చాలు. టీవీ చర్చల్లో ‘మీ హయాంలో జరగలేదా?’ అన్నదే ప్రశ్నకు జవాబు. గురివింద గింజ సామెత పుట్టిన నేల మీద ఇది జవాబుగా చెల్లుబాటు కావడం బాధాకరం. మీ హయాంలో జరిగినదీ తప్పే కావచ్చు, దానివల్ల ఇప్పటిది ఒప్పు కాదు.

సూళ్లూరుపేటకే ప్రత్యేకమైన మరొకటి చెప్పాలి. ‘షార్‌లో పనిచేసే ఆయనే అన్నాడు’ అంటే ఈ ఊళ్లో మాట బరువెక్కుతుంది. ఇంధనం గురించి అంటే ఆ బరువు న్యాయమే. వాస్తు గురించో, బిడ్డకు వేయవలసిన టీకా గురించో అంటే ఆ బరువు ఎక్కడిది? న్యాయశాస్త్రం ఆప్తవాక్యాన్ని ప్రమాణంగా ఒప్పుకుంది కానీ ఆప్తుడెవరో కచ్చితంగా చెప్పింది: విషయాన్ని నేరుగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని భాష్యకారుడు వాత్స్యాయనుడు స్పష్టంగా రాశాడు. పుట్టుకా పదవీ కావు, ఎరుక ముఖ్యం. ఆ లెక్కన రాయదొరువు దగ్గర పులికాట్ ముఖద్వారం పూడుకుపోయి చేపలు తగ్గుతున్నాయని చెప్పే జాలరి ఆ విషయంలో ఏ అధికారికైనా సమానమైన ఆప్తుడు. చేపలు తగ్గడానికి కారణం అదొక్కటే అని అంటే మాత్రం ఆయన్నూ అడగాలి. వానలు, కాళంగి, స్వర్ణముఖి తెచ్చే నీరు, రొయ్యల చెరువులు కూడా లెక్కలోకి రావాలి కదా అని.

చివరగా ఒక విన్నపం, సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులకు. ప్రయోగం గెలిచిన రోజు పిల్లలకు మిఠాయి పంచుతున్నాం, మంచిదే. ప్రయోగం ఓడిన మర్నాడు మాత్రం ఒక పీరియడ్ ఆపండి. ఎందుకు పోయిందని పిల్లల్నే అడగండి, వాళ్లు చెప్పే ప్రతి కారణాన్నీ బోర్డు మీద రాయండి, ఒక్కొక్కదాని పక్కన ‘ఇది ఉండి కూడా గెలిచిన ప్రయోగం ఉందా?’ అని రాయించండి. తర్కసంగ్రహంలోని ఐదు హేత్వాభాసాలను తేట తెలుగులో, మన ఊరి ఉదాహరణలతో, పదో తరగతి పుస్తకంలో ఒక పాఠంగా పెట్టమని పాఠ్యపుస్తకాల కమిటీకి మీరే రాయండి. రాసింది మన ఆంధ్రుడే, పుస్తకం చిన్నదే, పెట్టడానికి అడ్డేమీ లేదు.